నీలిపడ్డ పెదాలు, అద్దంలాంటి నీళ్లు

మిర్యాలగూడ,
9 ఫిబ్రవరి 2025

వినోద్ అన్నకు,

పాప బాగుంది. ముందు ఆ మాట రాస్తున్నాను, ఎందుకంటే ఫోన్‌లో నువ్వు అది అడగనే లేదు. నేను "నీ ప్లాంటు నీళ్లు" అనగానే అరిచి పెట్టేశావు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా నా ఫోన్ నీకు పోవడం లేదు. నంబరు బ్లాక్ చేశావని అర్థమైంది. మంచిది. కాగితాన్ని ఎట్లా బ్లాక్ చేస్తావో చూస్తాను. చింపేస్తే ఇంకోటి రాస్తాను.

నువ్వు మోటారు సామాన్ల కోసం హైదరాబాద్ పోయిన రోజు జరిగింది ఇది. కాన్పుకు వచ్చినప్పటి నుంచి నేను తండాలోనే ఉన్నాను కదా. నాకు పాలు చాలక డబ్బా పాలు పడుతున్నాం. పొడి కలపడానికి నీ ప్లాంటు నీళ్లే. పైగా మనల్ని కని పెంచిన యాడి కదా, వాటిని పొయ్యి మీద పెట్టి సగమయ్యేదాకా తెర్లించేది. "పసికడుపు బిడ్డా, జర ఎక్కువ మసలనియ్యి" అనేది. నేనూ సరే అన్నాను. బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, నీళ్లు మరిగించి తాగండని ఏటా చెప్పేదాన్ని, నాకేం అనుమానం వస్తుంది?

ఆ పొద్దున పాప పెదాల చుట్టూ నీలంగా కనిపించింది. చలికేమో అనుకుని దుప్పటి చుట్టాం. కాసేపటికి గోళ్లు కూడా నేరేడు పండు రంగుకు తిరిగాయి. ఏడవడం లేదు అన్నా, అదే భయం. ఆటోలో కోదాడ పోయాం. అక్కడ ఆక్సిజన్ పెట్టినా రంగు మారలేదు. సూర్యాపేట పొమ్మన్నారు. అక్కడ డాక్టరమ్మ సూదితో రక్తం తీసి తెల్ల దూది మీద ఒక చుక్క వేసింది. ఎర్రగా లేదు. చాక్లెట్ కరిగినట్టు గోధుమ రంగులో ఉంది.

"పాలు ఏ నీళ్లల్ల కలుపుతున్నరమ్మా?" అని అడిగింది.

"బోరు నీళ్లు మేడం. మా అన్న ప్లాంటుల ఫిల్టరైనయి. మరిగించి కూడ కలిపినం."

"మరిగిస్తే పురుగు చస్తది. నైట్రేట్ చావదు. నీళ్లు ఆవిరై పోతయి, అది గిన్నెలనే చిక్కబడతది. మీరు బిడ్డకు ఇంకింత ఎక్కువ తాగిపిచ్చిండ్రు."

పొలాల్లో చల్లే యూరియా, పేడకుప్పలు, మరుగుదొడ్ల గుంతలు, అన్నీ నేలలోకి ఇంకి ఇంకి బోరులోకి చేరతాయట. పెద్దవాళ్లకు వెంటనే ఏమీ తెలియదు. కొన్ని నెలల పసిబిడ్డ కడుపులో మాత్రం అది రక్తాన్ని పాడుచేస్తుంది. ఊపిరి ఆడుతున్నా ఆ గాలిని రక్తం మోయలేదు. డాక్టరమ్మ నీలిరంగు మందు ఎక్కించబోతే యాడి ఆమె చెయ్యి పట్టుకుంది. "నీలిపడ్డ బిడ్డకు మళ్ల నీలిమందేంది తల్లీ?" అని. కానీ ఆ మందు లోపలికి పోతుంటే పాప పెదాలు గులాబీ రంగులోకి రావడం యాడి, నేను, మా అత్త కళ్లారా చూశాం.

అందుకే ఫోన్ చేశాను. నిన్ను తిట్టడానికి కాదు. ప్లాంటు ఆపు. ఆపలేకపోతే, పాలు తాగే పిల్లలున్న ఇళ్లకైనా ఆ నీళ్లు ఇవ్వకు. ఈ మాట నువ్వు వినేదాకా అంటూనే ఉంటాను.

నోరు మూసుకోని నీ చెల్లె,
హారిక

గుట్టకింది తండా,
అనంతగిరి మండలం,
16 ఫిబ్రవరి 2025

హారికకు,

పాపకు తగ్గిందని యాడి చెప్పినప్పుడు నేను మోటారు షెడ్డు వెనక్కి పోయి ఏడ్చాను. అది నీకు తెలియదు. కళ్లు తుడుచుకుంటుండగానే నీ ఫోన్. "నీ ప్లాంటు నీళ్లు నా బిడ్డను చంపబోయినయి" అన్నావు. అప్పుడు నేను "పాప ఎట్లున్నది చెల్లె" అని తియ్యగా అడగాలా?

ఈ ప్లాంటు పెట్టకముందు మన ఆడవాళ్లు నీళ్లకు ఎంత దూరం పోయేవాళ్లో నువ్వు మర్చిపోయావేమో. నేను మర్చిపోలేదు. ఇసుక డ్రమ్ము ఉంది, బొగ్గు డ్రమ్ము ఉంది, క్రిములను చంపే నీలి లైటు ఉంది. "ఇంతకన్నా మంచి మిషను జిల్లాలో లేదు" అని కోదాడలో అమ్మినాయన చెప్పాడు. మీటరు ముంచితే అంకె బాగానే చూపిస్తుంది. నీళ్లు గ్లాసులో పోస్తే అద్దంలా ఉంటాయి. బీక్యా పెద్దనాయన రోజూ పొద్దున చెంబు నిండా అవే తాగుతాడు. ఆయన ఎప్పుడైనా నీలిపడ్డాడా?

ఉయ్యాల రోజు మీ అత్త పాప నాలుకకు ఏదో పసరు రాసింది. నేను చూశాను. దాని సంగతి ఆ డాక్టరమ్మకు చెప్పావా? నువ్వు చెప్పవు. అత్తగారింటి మీద మాట పడకూడదు, పుట్టింటి మీద పడితే పర్వాలేదు. ఈ నైట్రేట్ అనే మాట నీకు ఎవరు నేర్పారో నాకు అర్థమవుతూనే ఉంది.

పెద్దనాయనకు నీ ఫోన్ సంగతి తెలిసింది. నన్ను పిలిచి ఏమన్నాడో విను. "మన నీళ్లు మంచియి గావన్న మాట తండ దాటిందంటే, ఇగ మన పిల్లల్ని ఎవడు జేసుకుంటడు? మనకు పిల్లనెవడిస్తడు? నా బిడ్డ పెండ్లి దగ్గర పడ్డది. ఆ పిల్లను జర సప్పుడు జేయకుండ ఉండమను." చెల్లెలి పెళ్లి చెడితే నువ్వు సంతోషిస్తావా?

పాపకు ముద్దులు. నీకు కాదు.

వినోద్

మిర్యాలగూడ,
24 ఫిబ్రవరి 2025

అన్నకు,

నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. నేర్పితే నేర్చుకునే బుద్ధి ఈ ఇంట్లో నా ఒక్కదానికే ఉన్నట్టుంది.

మా అత్త రాసింది తేనె. అదీ తప్పేనని డాక్టరమ్మ ఆమెను నా ముందే కోప్పడింది. కానీ పాపను నీలిపడేసింది అది కాదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పాపను ఒళ్లోంచి దించని మనిషిని అనవసరంగా అనకు.

పాప బట్టల కోసం నేను తండాకు వచ్చిన రోజు నువ్వు నీళ్ల ట్రిప్పు మీద ఉన్నావు. ఊరికే రాలేదు, సీసాలు తెచ్చుకున్నాను. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో నీ ప్లాంటులో అన్నీ దాటి వచ్చిన నీళ్లు, ఒకదాంట్లో ఆ నీళ్లనే యాడి మరిగించినవి, ఇంకోదాంట్లో ఇంటింటికీ వచ్చే నల్లా నీళ్లు పట్టుకుని సూర్యాపేటలో నీళ్లు పరీక్షించే చోట ఇచ్చాను. లీటరుకు నలభై అయిదు మిల్లీగ్రాముల లోపు ఉండాలట. నీ బోరులో నూట అరవై ఉంది. ప్లాంటు దాటాక? నూట యాభై ఎనిమిది. నీ రెండు డ్రమ్ములూ, నీలి లైటూ కలిసి చేసిన పని అంతే. యాడి మరిగించినదాంట్లో రెండు వందలు దాటింది. మనం బట్టలు ఉతకడానికి వాడే నల్లా నీళ్లలో పది కూడా లేదు.

అక్కడి మేడంను వదలకుండా అడిగాను. క్యాండిల్ ఫిల్టర్ పెడితే? పోదు. పటిక వేస్తే? పోదు. బ్లీచింగ్? పోదు. బొగ్గు? రంగు, వాసన తీస్తుంది, దీన్ని తియ్యలేదు. నీ నీలి లైటు క్రిములకే. "ఉప్పు కలిపిన నీళ్లను బట్టల వడగడితే ఉప్పు ఆగుతదా అమ్మా? గిది గూడ గట్లనే కరిగి ఉంటది" అంది. నీ మీటరు కూడా అన్ని లవణాలూ కలిపి ఒకే అంకె చెప్తుందట. అందులో ఏది ఎంతో దానికి తెలియదు.

దీన్ని తీసే దారులు కొన్నే. సన్నని పొరలోంచి నీళ్లను ఒత్తిడితో తోయడం ఒకటి. రెసిన్ అని చిన్న చిన్న పూసలుంటాయి, అవి నైట్రేట్‌ను పట్టుకుని ఉప్పును వదులుతాయి. లేదా మంచి నీళ్లు కలిపి పలచన చేయడం. పసిపిల్లలకైతే ఇవేవీ వద్దు, నల్లా నీళ్లు మరిగించి వాడితే చాలంది. బ్లీచింగ్ వాసన వస్తుందని మనం వాటిని పక్కన పెట్టాం.

పెద్దనాయనతో ఈ మాట చెప్పు: పిల్లనివ్వరని భయపడేముందు, పిల్లలు బతకాలి. నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి ఆయన మంచం పక్కన నిలబడి చెప్తాను.

హారిక

గుట్టకింది తండా,
3 మార్చి 2025

హారికా,

ఇంత పని చేస్తావనుకోలేదు.

ఇయ్యాల పొద్దున ప్లాంటు గేటుకు కొత్త తాళం. నాది కాదు. ఖాళీ క్యాన్లు పట్టుకుని జనం వరసలో నిలబడి ఉన్నారు. "ఏమైంది వినోదూ, సర్కారోళ్లు బంద్ జేసిండ్రా?" అని ఒకరు, "నీ చెల్లెలు కంప్లెంటు ఇచ్చిందంట గదా" అని ఇంకొకరు. నేను ఏం చెప్పాలి? పగలగొడితే కేసవుతుందని భయం. పగలగొట్టకపోతే పరువు పోతుంది. నా సొంత గేటు ముందు దొంగలా నిలబడ్డాను.

మొన్న మీ ఆయన బండి తండాలో కనిపించిందని పెద్దనాయన చెప్పాడు. కాబట్టి ఇది ఎవరి పనో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నన్ను ఒక మాట అడగకుండా అధికారుల దగ్గరికి పోయావు. పాపం యాడి వచ్చి తాళం చూసింది, నా చేతికి చాయ్ ఇచ్చి తల దించుకుని పోయింది. ఆమె మనసు ఎంత బాధపడిందో.

నాకు చెల్లెలు లేదనుకుంటాను.

వినోద్

మిర్యాలగూడ,
8 మార్చి 2025

అన్నకు (నీకు చెల్లెలు లేకపోయినా నాకు అన్న ఉన్నాడు),

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఆ తర్వాత చివరి వాక్యం దగ్గర ఏడ్చాను. రెండూ నువ్వే చేశావు.

నేను ఎవరికీ రాయలేదు. మా ఆయన బండి మీద వచ్చింది పరీక్ష కాగితాలు యాడికి ఇవ్వడానికి. ఆమెకు చదువు రాదని పక్కింటి గోపమ్మ ఫోన్‌లో నేను ఒక్కొక్కటే మన భాషలో చెప్పాను. మరిగించిన నీళ్ల లెక్కను యాడి రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "అయితే నేనే పోసినన్నట్టు" అంది. కాదు యాడీ, ఎవరికీ తెలియదు కదా అన్నాను. ఫోన్ గోపమ్మకు ఇచ్చేసింది.

నిన్న మళ్లీ చేసి తాళం గురించి అడిగాను. ఏమందో ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"తాళం నేనే ఏసిన. కోదాడ సంతల కొన్న. చెవి నా నడుముకే ఉన్నది. ఆ పిలగాడు నన్ను అడిగితే ఇద్దును, అడగలే. సర్కారు తాళమనుకుని దండం పెట్టుకుంట నిలబడ్డడు."

"అన్న నా మీద ఒర్లుతుండు యాడీ."

"నీ మీద ఒర్లుతడు, నువ్వు దూరమున్నవు. నా ఎదురుంగ ఒర్లమను సూద్దాం. నా చేత్తోటి బిడ్డకు గా నీళ్లు పోసిన. ఇగ ఇంకో తల్లి చేత్తోటి పోయనియ్య."

కాబట్టి పోయి యాడిని అడుగు. గట్టిగా అడగకు. ఆమె నీ వ్యాపారాన్ని మూయడానికి తాళం వేయలేదు, నేనూ శాశ్వతంగా మూయమనడం లేదు. నైట్రేట్ తీసే పద్ధతి ప్లాంటులో పెట్టు. పైపు ఎక్కడైనా పగిలి నల్లా రాని రోజు తండాకు నువ్వే దిక్కు, అది నాకూ తెలుసు.

ఈ కవరులో పరీక్ష పట్టీలు పెట్టాను. నీళ్లలో ముంచి కాసేపు ఆగు. తెల్లగా ఉంటే మంచిది, లేత గులాబీ అయితే ఫర్వాలేదు, వంకాయ రంగుకు పోతే ఎవరికీ ఇవ్వకు. నీ అద్దంలాంటి నీళ్లలో ముంచి చూడు.

హారిక

గుట్టకింది తండా,
28 మార్చి 2025

చెల్లెకు,

చివరి ఉత్తరంలో ఆఖరి వాక్యం ఒకటి రాశాను చూడు, దాన్ని పెన్నుతో కొట్టేయ్. గట్టిగా కొట్టేయ్, కనపడకూడదు.

యాడిని తాళంచెవి అడిగాను. "ముందు నీ నీళ్లు గా కాగితం ముక్కకు తాగిపియ్యి" అంది. ముంచాను. చూస్తుండగానే వంకాయ రంగు.  ఆమె ముందు నిలబడలేక కోదాడ బస్సెక్కాను.

మిషను అమ్మినాయన నన్ను చూడగానే కుర్చీ వేశాడు. సంగతి చెప్తే, "బొగ్గు పాతబడి ఉంటుందండీ, పెద్ద డ్రమ్ము వేయిద్దాం" అన్నాడు. ఆయన షాపులో నడుస్తున్న కొత్త బొగ్గు డ్రమ్ములో, సీసాలో తీసుకుపోయిన మన బోరు నీళ్లే పోయించి, ఆయన కళ్ల ముందు పట్టీ ముంచాను. అదే రంగు. "మీరు ఈ కాగితాలు నమ్ముకుంటే వ్యాపారం చేయలేరండీ" అన్నాడు. "మీరు ఇది నమ్మకపోతే నేను మీతో చేయను" అని వచ్చేశాను. 

ఆ తర్వాత హుజూర్‌నగర్ దగ్గర పొర పెట్టిన ప్లాంటు ఒకటి చూశాను. నీళ్లు నిజంగానే మంచివి వస్తున్నాయి, పట్టీ తెల్లగానే ఉంది. అయితే తోడిన దాంట్లో సగానికి పైగా బయటికి పోతున్నాయి, ఆ పోయేవాటిలో నైట్రేట్ ఇంకా చిక్కగా ఉంటుంది. వాటిని ఎక్కడికి వదిలాడో తెలుసా? బోరు పక్కన గుంతలోకి. మళ్లీ అదే బోరులోకి. ఓనరును అడిగితే, "నీళ్లు పోతయి, ఎటో ఒకటి పోవాలె గద" అన్నాడు. నాకది నచ్చలేదు. మన బోరులో నీళ్లు కూడా అంత లేవు.

అందుకని పూసలకు మొగ్గాను. రాగుల్లా ఉంటాయి, బంగారు రంగు. నిలువు ట్యాంకులో పోసి వాటి మీదుగా నీళ్లు వదలాలి. నిండిపోయినప్పుడు ఉప్పునీళ్లతో కడిగితే పట్టుకున్నది వదిలి మళ్లీ పనికొస్తాయి. ఆ ఉప్పునీళ్లు నేలలోకి పోకుండా గుంత తవ్వి ప్లాస్టిక్ పరదా వేశాను, ఎండకు ఆరిపోతాయి. తండాలో అందరూ నేను బావి తవ్వుతున్నాననుకున్నారు.

పట్టీ తెల్లబడ్డాకే తెరుస్తాను. యాడి చెవి అప్పుడే ఇస్తుందట.

ఇంకా కొంచెం కోపం ఉన్న అన్న,
వినోద్

మిర్యాలగూడ,
5 ఏప్రిల్ 2025

అన్నకు,

ఇన్నాళ్లూ ఎదురుచూశాను, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. నిన్న మన తండా లింగ్యా మిర్యాలగూడలో మిల్లు దగ్గర కలిశాడు. "మీ అన్న ప్లాంటు జోరుగ నడుస్తున్నది, బీక్యా దగ్గరుండి తెరిపిచ్చిండు" అన్నాడు.

అంటే పెద్దనాయన రమ్మనగానే పోయావు. యాడి నడుము నుంచి చెవి గుంజుకున్నావా? పట్టీలు ఏం చేశావు, పొయ్యిలో వేశావా? నేను పాపను ఎత్తుకుని వస్తున్నాను. ఇల్లిల్లూ తిరిగి పాప రక్తం ఏ రంగులో ఉందో చెప్తాను. నువ్వు అడ్డం వస్తే నీకూ చెప్తాను. పెళ్లి ఆగిపోతుందని ఎవరైనా అంటే ఆగనీ అంటాను.

హారిక

గుట్టకింది తండా,
9 ఏప్రిల్ 2025

హారికా,

నేను మార్చి చివర్లో రాసిన నాలుగు పేజీలు మీ ఇంట్లో ఇంకెవరూ చదవకూడదని నీ బడి అడ్రసుకు పంపాను. పండుగ సెలవుల్లో అక్కడే ఎవరి టేబుల్ మీదో పడి ఉంటుంది. పోయి తీసుకుని చదువు. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టు.

పెద్దనాయన దగ్గరుండి తెరిపించిన మాట నిజం. పెళ్లి పనులకు నీళ్లు కావాలని తొందర ఆయనది. కానీ చెవి ఇచ్చింది యాడి, పట్టీ తెల్లగా ఉండటం చూశాకే. ఈ ఉత్తరంతో పాటు ఒక సీసా పంపుతున్నాను. కోదాడ నుంచి వచ్చే బస్సు డ్రైవరు ఉపేందర్ మనవాడే, అతని దగ్గర తీసుకో. ఇంట్లో పట్టీతో చూడు, నమ్మకం లేకపోతే సూర్యాపేట తీసుకుపో. ఇల్లిల్లూ తిరగాలంటే రా, నేనూ నీతో తిరుగుతాను.

వినోద్

మిర్యాలగూడ,
19 ఏప్రిల్ 2025

అన్నకు,

నీ నాలుగు పేజీలు ప్రశ్నపత్రాల కట్ట కింద దొరికాయి. రెండుసార్లు చదివాను. నువ్వు కొట్టేయమన్న వాక్యాన్ని కొట్టేశాను. నా కిందటి ఉత్తరం మొత్తం నువ్వు కొట్టేయ్. పాపను ఎత్తుకుని వస్తానన్న ముక్క మాత్రం ఉంచు.

నీ సీసా సూర్యాపేటకే తీసుకుపోయాను, నీ మీద నమ్మకం లేక కాదు, నీళ్లు పరీక్షించే మేడంకు చూపించాలని. ఇరవై లోపే వచ్చింది. ఆమె బాగా మెచ్చుకుంది, వెంటనే భయపెట్టింది కూడా. "మీ అన్న తెచ్చినయి మామూలు పూసలైతే జర పైలంగుండాలె. అవి నిండినయంటే పని ఆపి ఊకుండవు. పట్టుకున్న నైట్రేట్ అంత ఒక్కసారే వదుల్తయి. అప్పుడు బోరు నీళ్ల కన్న ఖరాబు నీళ్లొస్తయి" అంది. చూడటానికి ఏ తేడా ఉండదట. అందుకే రోజూ పట్టీ ముంచు. నీళ్లు ఎక్కువ పోయిన రోజైతే ఇంకా ఎక్కువసార్లు ముంచు. ఉప్పుతో కడగడం వాయిదా వేయకు.

పెద్దనాయన నాకు కబురు పంపాడు: పెళ్లికి రావచ్చు, కానీ నీళ్ల మాట ఎత్తొద్దు. నోరు మిర్యాలగూడలో పెట్టి నేనొక్కదాన్నే రాలేను. కాబట్టి రావడం లేదు. చెల్లెలికి చీర పంపుతున్నాను. అక్క అలిగి రాలేదని చెప్పకు. ఎందుకు రాలేదో ఉన్నదున్నట్టు చెప్పు.

హారిక

గుట్టకింది తండా,
20 మే 2025

చెల్లెకు,

నువ్వు పెళ్లికి రాకపోవడమే మంచిదైందని కొందరు, వచ్చి ఉంటే బాగుండేదని యాడి అంటున్నారు. ఏం జరిగిందో నా చేత్తోనే రాస్తాను, లింగ్యా నోటి నుంచి నువ్వు వినకూడదు.

పెళ్లికి ముందు రోజు నుంచే ప్లాంటు ఆగకుండా నడిచింది. వంటకు, చుట్టాలకు, హుజూర్‌నగర్ వైపు తండా నుంచి వచ్చిన పెళ్లికొడుకు వాళ్లకు, అందరికీ నావే క్యాన్లు. పూసలు కడగాలి, గంటో రెండు గంటలో ఆపుతానంటే పెద్దనాయన, "పెండ్లిల నీళ్లు బంద్ జేస్తవా?" అని కసిరాడు. సరే, ఈ ఒక్క ట్రిప్పు అనుకుంటూ నడిపించాను. పెళ్లి రోజు భోజనాల ముందు, క్యాన్లన్నీ షామియానా కింద పెట్టించాక, పట్టీ ముంచాను. వంకాయ రంగు కూడా కాదు హారికా, ఇంకా ముదురు. నీ మేడం చెప్పినట్టే, పూసలు పట్టుకున్నదంతా ఒక్కసారి వదిలేశాయి.

పెద్దనాయనను పక్కకు పిలిచి చూపించాను. ఆయన ఆ పట్టీని చూడకుండా నా ముఖంలోకి చూశాడు.

"నోర్ముయ్. పొద్దుమీకితే పిల్ల అత్తగారింటికి పోతది. అప్పుడు సూద్దాం. ఒక్క పూట తాగితే పెద్దోళ్లు సావరు గద?"

ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. అదే నన్ను భయపెట్టింది. పెద్దవాళ్లకు ఏమీ కాదు. నేను మాట్లాడకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. నిజం చెప్పాలంటే, సరే పెద్దనాయనా అనడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడే షామియానా చివర పెళ్లికొడుకు తరఫు ఒక పిల్ల తల్లి, చంకలో బిడ్డ, పాలసీసా మూత పళ్లతో తీస్తూ నా క్యాన్ కింద పెట్టింది.

పోయి ఆ క్యాన్‌ను తన్నేశాను. నీళ్లు ఆమె కాళ్ల మీద పడ్డాయి. ఆమె కేక వేసింది. రెండోది వంపేశాను, మూడోది వంపేశాను. మేళం ఆగిపోయింది. "పిచ్చి లేసిందా వీనికి" అని ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. అప్పుడు నేను అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే మైకు అక్కర్లేకపోయింది.

"ఇవి నా ప్లాంటు నీళ్లే! ఇయ్యాల ఇవి మంచియి గావు. కడగాల్సిన యాళ్లకు కడగలే, తప్పు నాది. పసిపిల్లలకు ఈ నీళ్లు పోస్తే నీలిపడి సస్తరు. నా మేనకోడలు సావు దాక పోయొచ్చింది. ఎవరు గూడ పిల్లలకు పొయ్యకుండ్రి!"

పెళ్లికొడుకు తండ్రి లేచి నిలబడ్డాడు. పెద్దనాయన తలకు చుట్టుకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు, ఆయన ముఖం చూడలేకపోయాను. పెళ్లి ఆగిపోయిందనే అనుకున్నాను. చెల్లెలు పెళ్లిపీటల మీద తల వంచుకుని ఉంది. ఇంతలో యాడి, గోపమ్మ నల్లా నీళ్ల బిందెలు మోసుకుంటూ జనం మధ్యలోంచి వచ్చారు. యాడి ఆ పిల్ల తల్లి చేతిలో సీసా తీసుకుని, కడిగి, నల్లా నీళ్లు కాచి చల్లార్చి నింపింది. ఎవరివైపూ చూడలేదు. "బువ్వలు పెట్టుండ్రి, సల్లగైతున్నయి" అంది.

అప్పుడు పెళ్లికొడుకు మేనత్త లేచి నా దగ్గరికి వచ్చింది. వయసైన మనిషి. తిడుతుందనుకున్నాను. నా చేతిలో పట్టీని ముట్టుకుని, మన భాషలో మెల్లగా అడిగింది.

"నీలిపడతరంటివి గద. పెదాలు గూడ నీలిపడతయా?"

"పడతయమ్మా."

"ఏడుస్తరా?"

"ఏడవరు. ఏడ్చే శక్తి ఉండదు."

ఆమె పట్టీ మీంచి చెయ్యి తీసింది. "నా మనుమరాలు గట్లనే పోయింది. గాలి సోకిందన్నరు. నేను గూడ గదే అనుకున్న. మా బోరు నీళ్లు వచ్చి సూస్తవా కొడుకా?" అంది.

పెళ్లికొడుకు తండ్రి అది విన్నాడు. మళ్లీ కూర్చున్నాడు. మేళగాళ్లు ఎవరూ చెప్పకుండానే మళ్లీ మొదలుపెట్టారు. పెళ్లి అయింది. చెల్లెలు వెళ్లేటప్పుడు నన్ను పట్టుకుని ఏడ్చింది, కోపమో ఏమో నాకు అర్థం కాలేదు. పెద్దనాయన మాత్రం ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడతాడని కూడా నాకు అనిపించడం లేదు. దారిలో ఎదురైతే తల తిప్పుకుంటున్నాడు. అది బాధగానే ఉంది. అయినా మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ క్యాన్లు తన్నేస్తాను.

నిన్న యాడి, నేను ఆ మేనత్త తండాకు పోయాం. వాళ్ల బోరు దగ్గర అందరి ముందూ పట్టీ ముంచాను. మన బోరు కన్నా ముదురు రంగు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, కన్నీరు పెట్టలేదు. "దీన్ని మా తండ పెద్దమనిషికి సూపిస్త. బోరు కాడ బోర్డు పెట్టమంట. పసిపిల్లలకు నల్లా నీళ్లే పొయ్యాలని తండ అంత చాటియ్యమంట" అంది.

"ఆయన సూడనంటే?" అని అడిగాను.

"సూసేదాక ఆయన గడపల కూసుంట."

కూర్చుంది. యాడి కూడా ఆమె పక్కన కూర్చుంది. పట్టీలు అయిపోయాయి, సామాన్ల కోసం నేనొక్కడినే తిరిగి వచ్చాను. ఈ ఉత్తరం ముగించేటప్పటికి కూడా వాళ్లిద్దరూ ఆ గడప మీద నుంచి లేవలేదని అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. ఉపేందర్ చేత పంపుతున్న ఈ ఉత్తరం అందగానే సూర్యాపేటలో దొరికినన్ని పట్టీలు కొనుక్కుని, పాపను ఎత్తుకుని, మర్నాడు పొద్దున్నే హుజూర్‌నగర్ బస్సెక్కు. నీ నంబరు బ్లాక్ తీసేశాను, అక్కడ దిగి ఫోన్ చేయి.

నీ అన్న,
వినోద్